లెటిస్ కాదన్న రోజు

ఏమడిగావే డార్కస్? లెటిస్ దొరసానా? ఆ పేరు నీకెవరు చెప్పారే? ఆ వంటవాడేనా? వాడి నోట్లో నువ్వుగింజ నానదు. సరే, కూర్చో. నేను పాలిచ్చి పెంచిన పిల్లే అది, ఈ ఇంటి దొరగారి మూడో కూతురు. ఎనిమిదో ఏటే పక్క దొరగారి కొడుకు ఫెర్డినాండుకి కట్టబెట్టారు. ఎందుకేమిటే, వాళ్ళ పొలమూ మన పొలమూ ఒకే గట్టు కదా! పీట మీద నిలబెడితే గానీ పిల్ల పాస్టరుగారికి కనబడలేదు. విందులో నా ఒళ్ళోనే నిద్రపోయింది, పిచ్చితల్లి. అయితే చిన్నపిల్లల పెళ్ళి అంతటితో ముడిపడదు. ఆడపిల్లకి పన్నెండు నిండాక బిషప్పుగారి మనిషి ముందు నిలబడి, ఇష్టమనో కాదనో చెప్పాలి. కాదంటే ఎవరి దారి వాళ్ళది. అమ్మానాన్నల ఎదుట ఎవతి కాదంటుందే? మా లెటిస్ అంటానంది! ఆ ఫెర్డినాండు ఒకసారి వచ్చి దాని కుక్కపిల్లని కందకంలోకి విసిరేసి, అది మునిగేదాకా నవ్వుతూ నిలబడ్డాడులే. 'దాదమ్మా, చచ్చినా వాడితో ఉండను' అనేది. 'నాకిష్టం లేదు' అని రోజూ నా దగ్గర వల్లెవేసేది. 'ఇంకా గట్టిగా అనవే' అనేదాన్ని. నేనే అనేదాన్నమ్మా!

దానికి పన్నెండు నిండాక, ఆ మాట చెప్పడానికి గుడికి వెళ్ళిన రోజు చలి, అబ్బో, ఎముకలు కొరికేసింది. ముందురోజే పెళ్ళికొడుకు ఇంటినుంచి చేతి తొడుగులొచ్చాయి, బంగారు జరీ, నారింజపూల వాసనా. 'నాకొద్దు' అని అవతల పారేసింది. బండిలో చూస్తే దాని వేళ్ళు ఉబ్బి ఎర్రగా పగిలిపోతున్నాయి. నా బుద్ధి గడ్డి తిని, గుడిదాకానే కదా అని, అది వద్దంటున్నా తొడిగేశాను. దిగాక తియ్యడం మర్చిపోయాం, అదీ, నేనూ. లోపల బిషప్పుగారి మనిషి అడిగాడు. 'నాకిష్టం లేదు' అంది, గంట కొట్టినట్టు! వాళ్ళ వకీలు లేచాడు, వాడి మొహం మండ. 'అయ్యా, ఆ చేతులకున్నవి మా అబ్బాయి కానుకలు. పన్నెండు నిండాక కానుక తొడుక్కుంటే ఒప్పుకున్నట్టేగా?' అన్నాడు. 'తనంతట తాను తొడుక్కుంటే ఒప్పుకున్నట్టే. ఇంకెవరన్నా తొడిగితే కాదు' అని ఆ పెద్దమనిషి నావైపు తిరిగి, 'ఏమ్మా దాదీ, ఎవరు తొడిగారు?' అని అడిగాడు. దాని తల్లి, పెద్ద దొరసాని, నావైపు ఒక్క చూపు చూసింది. ఈ ఇల్లు దాటితే నాకెవరున్నారే? 'అమ్మాయిగారే తొడుక్కున్నారండి' అనేశాను.

అంతే. అప్పటికప్పుడు అప్పగించేశారు. ఇరవై నిండకుండానే ఆ ఇంట్లో పోయింది, ఆ వెధవ పక్కన ఏం సుఖపడిందో ఆ దేవుడికే తెలియాలి. నేను పాపిష్టిదాన్నే డార్కస్. కానీ నన్ను తినేస్తున్నది అదొక్కటే కాదే. 'దాదమ్మే తొడిగింది' అని అది ఒక్క మాటంటే చాలు, ఆ పూటే విడుదల. నోరు తెరిచింది, నావైపు చూసి మూసేసుకుంది. అత్తారి బండెక్కిస్తుంటే అడిగాను, 'ఎందుకు చెప్పలేదే తల్లీ?' అని. 'చెబితే అమ్మ నిన్ను బయటికి గెంటేసేది కదా దాదమ్మా' అంది. పన్నెండేళ్ళే దానికి.

ఏమిటే అలా చూస్తావు? లే, లేచి నీ పని చూసుకో.