రెండు సగాల మూత

1991. గల్ఫ్ దేశంలో, రుసైల్‌లోని బంగారు కార్ఖానాలో భోజనాల వేళ ఇద్దరు కరీంనగర్ కంసాలులు మాట్లాడుకుంటున్నారు. పెద్దవాడి చేతిలో అతను చేసిన ముక్కుపొడి డబ్బీ ఉంది. చిన్నవాడు యజమానిని కలిసి వచ్చాడు.

"మూత మీద ఒక దిక్కు తీగెలు, ఇంకో దిక్కు పక్షులు ఎందుకున్నయని అర్బాబ్ అడిగిండన్నా."

"నాకిచ్చిన బొమ్మ కాగితం మీద అట్లనే ఉండె."

"అది ఫ్రెంచోళ్ల పాతకాలం బొమ్మ. వాళ్లు రెండు డిజైన్లు చెరో సగం గీసి చూపిస్తరట. గిరాకీ ఒకటి ఏరుకుంటే, అదే మూతంత చెక్కాలెనట."

"మన దిక్కు సగమే గీస్తరు. రెండో సగం దానికి జోడిగ అట్లనే చెక్కుతం. ఈ కాగితంల నిండుగ గీసి ఉంటె, నేను గీత తప్పకుంట చెక్కిన."

"నేనూ అదే చెప్పిన."

"ఏమన్నడు?"

"డబ్బీని నీ చేతితోనే కరగబెట్టుమన్నడు. తర్వాత నిన్ను ఇంటికి పంపుతడట."

పెద్దవాడు మూతను బట్టతో తుడిచాడు.

"ఏది చెక్కాలెనని ఒక్క మాట అడిగితె అయిపోతుండె గదన్నా."

"ఈ దేశమొచ్చినంక తినే కూర కాడికెల్లి పండే మంచం దాక, నీకేది గావాలెనని నన్నెవరన్న అడిగిన్రా తమ్మీ? కాగితం అడుగుతున్నదని నాకెట్ల తెలుస్తది?"

"నువ్వు సామాన్ సర్దుకో. కరగబెట్టుడు నేను చూసుకుంట."

"వద్దు. కుంపటి ముట్టియ్యి."