వణకని నీళ్లు

నీలం నగర్ వెనక కొత్తగా కట్టిన ఇళ్లలో మొదటి ఇంటి మెట్ల మీద ఇద్దరు కూర్చున్నారు. జాగాలు కొని ఆ ఇళ్లు కట్టించినవాడు ఒకడు. ఆ ఇంట్లో నిన్ననే పాలు పొంగించిన ముసలి నేతగాడు మరొకడు. పక్కింట్లో పవర్‌లూమ్ ఆడుతోంది.

“నీళ్లు తాగు సేటూ.”

“సేటు అంటవేంది కాకా? నీ మాట పట్టుకునే ఇంత దూరం వచ్చిన.”

“నేనేం జెప్పిన?”

“జోడ్‌భావి పేట్‌ల నా మొదటి ఇండ్లు జూడ వచ్చినవ్, యాదికి లేదా? గోడకు గోడ ఆనిచ్చి కట్టిన. పక్కింట్ల మగ్గం నడుస్తుండె. నువ్వు గ్లాసుల నీళ్లు పోసి నేల మీద పెట్టినవ్. నీళ్లు గజగజ వణికినయ్.”

“నా మీద గుర్రుమన్నవ్ గద!”

“అన్న. ఏడాదిల గోడలన్నీ పర్రెలు పట్టినంక తెలివొచ్చింది. అప్పటిసంది ఏ జాగ కొన్నా ఇంటికీ ఇంటికీ నడుమ రెండు గజాలు ఇడుస్తున్న. మగ్గానికి వేరే పునాది ఏస్తున్న. పార్ట్‌నర్లు పాగల్ అన్నరు. కానీ మనోళ్లు నన్నే ఎతుక్కుంట వస్తున్నరు.”

“నీకు తెలివి చెప్పనీకె రాలే బిడ్డా నేను.”

“మరెందుకొచ్చినవ్?”

“మీ చిన్నమ్మ పొద్దంత బీడీలు చుట్టి నడుము వాలిస్తే, పక్కింటి మగ్గం అదురుకు కన్ను మూతపడకపోయేది. అదురు లేని ఇల్లు ఏడన్న దొరుకుతదేమోనని తిరిగిన.”

“ఇప్పుడు మెట్టు మీది గ్లాసుల నీళ్లు కదుల్తలేవు కాకా. చిన్నమ్మను పిలువు, కాళ్లు మొక్కి పోత.”

“మెల్లగ మాట్లాడు బిడ్డా. పండుకున్నది.”