ఆవనూనె

ఆ ఉదయం రైల్వే పేట టికియాపారా మీద మబ్బు కదలకుండా నిలిచిపోయింది. రైల్వే క్వార్టరులో మొగుడు వాచిన కాలు పెళ్లాం ముందు చాపాడు.

"నూనె కాచి రుద్దవే. సలుపుతంది."

"రుద్దను మావా. పిక్కలో నెత్తురు గడ్డ కట్టింది, రుద్దితే కదిలి ఊపిరితిత్తుల్లోకి పోద్దని నిన్న డాక్టరు సెప్పలేదా?"

"ఊర్నుంచి రైల్లో కదలకుండా కూకున్నందుకు ఇంత శిచ్చేటి? ఇన్నాళ్లూ రుద్దావు కదే, సచ్చానా?"

ఆమె చేతులు కొంగులో దాచుకుంది.

"అదే తలుసుకుని రాత్రంతా నీ ఊపిరి ఇంటూ కూకున్నాను."

అతను కాలు మెల్లగా వెనక్కి తీసుకున్నాడు.

"మాత్ర ఏసుకో. గడ్డ పెరక్కుండా ఆపుద్దంట."

మింగాడు. ఇద్దరూ చద్దన్నం తిన్నారు. చెయ్యి ఎంత కడుక్కున్నా ఆమె ప్రతి ముద్దకీ ఆవనూనె వాసనే.