శుక్రవారం బయల్దేరిన పాము

బ్రిస్బేన్ ఎయిర్‌పోర్టులో సరుకులు అప్పజెప్పే కౌంటరు. శనివారం, పన్నెండుకి ఇరవై నిమిషాలు తక్కువ. ఇవతల, ఒక పెట్టె కోసం స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్ నుంచి వచ్చిన ఇంజనీరు ద్వారకానాథ్, మెడలో సిటీ కౌన్సిలు బ్రిడ్జీల విభాగం కార్డు. అవతల, ఆయన గొణుగుడు విని తెలుగాయనని పోల్చేసుకున్న నరసాపురం ఏసుమణి.

"పెట్టె మీరు తెప్పించిందే అనుకోండి. లోపలున్నదాని లైసెన్సు మీ పేరు మీద లేదంటున్నానండి."

"ఇంటిపేరు ఒకటే గదమ్మా."

"ఇంటిపేరుకి పాముని ఇవ్వరు సార్, మనిషికిస్తారు. ఇక్కడ అక్షర అని ఉంది. మీరేనా అక్షర?"

"అక్షర నాన్నని."

"సంతోషమండి. అక్షరని పిలవండి."

"ఊళ్లో లేదు. ఉత్తరాన సముద్రంలో పగడాలు లెక్కబెడతా ఉంది. యూనివర్సిటీ వాళ్లు తీసకపోయి మూడు వారాలయింది. రేపొస్తుంది."

"రేపు ఆదివారం, సెలవు. సోమవారం రమ్మనండి."

"సోమవారం దాకా ఇది ఈడనే ఉంటే?"

"పన్నెండింటికి షెడ్డుకి తాళం పడుద్దండి. తాళంతో పాటే ఏసీ కూడా బంద్. బయట ముప్ఫయ్యారు డిగ్రీలు. రేకుల కింద ఎంతుంటుందో మీరే లెక్కకట్టండి, ఇంజనీరు గారు కదా."

"చచ్చిపోదా?"

"అందుకేగా పాముల్ని పంపేవాళ్లు ఎవరైనా సోమ, మంగళవారాల్లో పంపేది. మధ్యలో ఏదన్నా అటూ ఇటూ అయినా శనాదివారాలు తగలవు. మీదేంటండీ, శుక్రవారం మధ్యాహ్నం అడిలైడ్‌లో ఎక్కి, మేం కౌంటరు మూసేశాక దిగింది? పంపినావిడ కొత్తా?"

"ఆమె మంగళవారమే పంపుతానన్నది."

"మరి?"

"నేనే వద్దన్నా."

"ఎందుకండీ?"

"మంగళవారం... పామునెవరన్నా ఇంటికి తెస్తారామ్మా?"

"ఆయ్. పాముని తెచ్చుకోవచ్చు, మంగళవారమే తప్పు."

"శుక్రవారం లక్ష్మీదేవి వచ్చే రోజు గదా అని."

"లక్ష్మిగారు రాత్రంతా షెడ్డులోనే ఉన్నారు సార్. పోనీ పొద్దున తొమ్మిదికే తెరిచాం కదా, అప్పుడు రావచ్చుగా."

"తొమ్మిదీ పదిన్నర రాహుకాలం."

"ఎక్కడిదండీ?"

"ఎక్కడిదేంది? కేలండర్‌లో ఉంది. చీరాల నుంచి మా బావమరిది పంపినాడు."

"చీరాల్లో తొమ్మిదంటే మనకి మధ్యాహ్నం ఒంటిగంటన్నర. మీ రాహుకాలం ఇంకా మొదలే కాలేదు సార్. బ్రిడ్జీలు కట్టేటప్పుడు కూడా ఇట్టాగేనా?"

"అవి కౌన్సిలు వాళ్లవమ్మా. నా ఇంటివి గావు."

"సరే, నాకు పదిహేను నిమిషాలుంది. ఆ అమ్మాయి నాతో ఫోన్లో ఒక్క మాట చెప్పి, నాన్నకివ్వమని మెయిలు పెడితే ఇచ్చేస్తాను. చెయ్యండి ఫోను."

"ఫోనొద్దమ్మా."

"సముద్రంలో పని చెయ్యదా?"

"పన్జేస్తది. అదే బాధ."

"అంటే పాము వస్తున్నట్టు ఆ అమ్మాయికి తెలీదు."

"తెలియకుండానే గదా... దాని లైసెన్సు కాయితం ఫ్రిజ్ మీద అంటించుంటది. ఫొటో తీసి పంపినా."

"దొంగ పామన్నమాట."

"దొంగదేందమ్మా. మా పిల్లకి పాముంది. అంటే, ఉండేది. అచ్చం ఇట్టాంటిదే. మచ్చల కొండచిలువ, గజం పొడుగు. దాని గదిలో గాజు పెట్టెలో పెట్టి పోయింది. కుబుసం ఇడుస్తది, ఆ పెట్టెలో చిన్న గూట్లోనే దాక్కోనుంటది, తియ్యొద్దు, చూడొద్దు, తిండి గూడా అక్కర్లేదని పదిసార్లు జెప్పింది."

"మీరు తీశారు."

"నేనా? నేనెందుకు దీస్తా. నేను మేడే ఎక్కను. మా ఆవిడ, శాంతి. నాగులచవితి వచ్చె. ఇంట్లోనే నాగేంద్రుణ్ణి పెట్టుకోని పుట్ట కోసం ఊరంతా ఎందుకు తిరగాలన్నది. చలిమిడి, చిమ్మిలి, పాలు పట్టుకపోయి మూత తీసి, కళ్లు మూసుకోని దణ్ణం బెట్టుకుంది."

"కళ్లు మూసుకున్నారు. మూత వెయ్యలేదు."

"దణ్ణం ఎవరన్నా కళ్లు తెరిచి పెడతారా? ఆమె కళ్లు తెరిచేప్పటికి గూట్లో కుబుసం ఉంది, పాము లేదు."

"తర్వాత?"

"తర్వాతేముంది. రెండు వారాల్నించి బూట్లు దులపకుండా కాలు బెట్టలా. సోఫా విప్పినా. వాషింగ్ మెషీను విప్పినా. శాంతి డైనింగ్ టేబుల్ దిగలా. కూరలు ఆణ్ణే తరుగుద్ది. నేను కార్లో పడుకుంటన్నా."

"కొండచిలువకి విషముండదు కదండీ."

"అందరూ అదే జెప్తారు. నాకు నడుం నొప్పి. కారు సీటు బాగుంటది."

"ఆయ్. నడుం నొప్పికి కారు సీటు మంచిదని నేనూ విన్నాను."

"నువ్వు నవ్వు, నవ్వు. ఆ పాముని ఇంటికి తెచ్చినప్పుడు మా పిల్లకీ నాకూ మూడు నెలలు మాటల్లేవమ్మా. అది పోయిందని తెలిస్తే, కావాలని వదిలిపెట్టినావంటది. అనదా? ఒక్కతే పిల్ల. రేపు వచ్చేలోపల ఇది ఆ పెట్టెలో ఉండాల. అంతే. అందుకని రోజూ కార్లో కూర్చోని నెట్లో పాముల ఫొటోలు జూసినా. రెండొందలు జూసుంటా. ముందు పోస్టులో వస్తదేమో అనుకున్నా."

"పోస్టులో ఆవకాయ సీసాకే అనుమానపడతారు. పాములు విమానంలోనే రావాలి సార్, అటు అనుమతి, ఇటు అనుమతి."

"అవన్నీ ఆ అడిలైడ్ కరోలినే జూసుకుంది. మంచి మనిషి. వారం ముందే తిండి ఆపానని, బట్టసంచిలో పెట్టి ముడేసి, థర్మాకోల్ పెట్టెలో దించి, గాలికి బెజ్జాలు పెట్టానని, అన్నిటికీ ఫొటోలు పెట్టింది. ఏమో అడుగుద్ది, ఇంట్లో ఏర్పాట్లు చూపమంటదని భయపడ్డా. ఏమీ అడగలా. ఈసారన్నా ఉంచుకుంటారా అని మాత్రం రాసింది."

"ఈసారన్నానా?"

"అదే రాసింది. ఇంగ్లీషు తేడాగా రాస్తారేమో ఆడ. ఉంచుకుంటాం, మాటిస్తున్నా అని రాసినా. ఇంతకీ చూడమ్మా, ఫొటోలో తోక చివర గూడా వంకరే. మా పిల్ల దానికీ అంతే, ఫొటోల్లో జూసినా. రెండొందల్లో ఇదొక్కటే దొరికింది."

"అట్టాగా. సార్, మీరు ఫోన్ చెయ్యండి."

"ఏందమ్మా, ఇంత జెప్పినాక గూడా?"

"ఇంత చెప్పాకే చెయ్యమంటున్నాను. స్పీకర్లో పెట్టండి. పన్నెండు నిమిషాలుంది."

"నాన్నా? నువ్వెప్పుడూ కాల్ చెయ్యవు. అమ్మ ఓకేనా?"

"అమ్మ బానే ఉంది తల్లీ. డైనింగ్ టేబుల్ మీదుంది."

"టేబుల్ మీదా?"

"దగ్గర. టేబుల్ దగ్గర. నువ్వు బాగున్నావా, అన్నం తింటన్నావా, ఎండగా ఉందా ఆడ—"

"అమ్మా అక్షరా, నా పేరు ఏసుమణి, బ్రిస్బేన్ ఎయిర్‌పోర్టు సరుకుల కౌంటరు. మీ నాన్నగారు అన్నం దగ్గరే ఆగిపోతారు గానీ, నేను చెప్తాను. నీ లైసెన్సు మీద అడిలైడ్ కరోలిన్ గారి దగ్గర్నుంచి మచ్చల కొండచిలువ వచ్చింది. మీ నాన్నకి ఇవ్వమంటావా?"

"సారీ, వాట్? కరోలిన్ దగ్గర్నుంచా?"

"తోక చివర వంకరగా ఉంటదంట."

"నాన్నా, ఏం చేశావ్?"

"తల్లీ, నేనేం జెయ్యలా. నీది పోయింది. చవితినాడు మీ అమ్మ మూత దీసింది, భక్తి కొద్దీ, కావాలని గాదు. ఇల్లంతా ఎతికినా. నేను వదిలిపెట్టలా. ఒట్టు. నీ పామంటే నాకేం కోపం లేదు."

"నాన్నా, స్టాప్. అమ్మ ఏం పోగొట్టలేదు. ట్యాంక్ ఖాళీ. గూట్లో ఓల్డ్ స్కిన్ మాత్రమే పెట్టాను. ట్రిప్‌కి వచ్చే ముందే నూడుల్‌ని కరోలిన్‌కి ఇచ్చేశాను."

"ఇచ్చేసినావా? నీ పాముని?"

"ఎనిమిది నెలలు, నాన్నా. ఎనిమిది నెలల్లో నువ్వు ఒక్కసారి కూడా నా రూమ్‌కి రాలేదు. మెట్ల కింద నిలబడి 'అన్నం' అని అరుస్తావ్, వెళ్లిపోతావ్."

"మోకాళ్లు తల్లీ."

"హెలెన్స్‌బర్గ్ గుళ్లో నూటెనిమిది ప్రదక్షిణలు చేశాయి నీ మోకాళ్లు."

"అది మొక్కు."

"ఐ నో. నువ్వు భయపడుతున్నావు, ఒప్పుకోవు. నాకు పాము కావాలి, కానీ నువ్వు పైకి రావాలి. సో ఇచ్చేశాను."

"మరి చెప్పొచ్చుగా?"

"ఫోన్లో చెప్తే ఇయర్ అంతా 'నే ముందే చెప్పలా' అంటావ్. రేపు వచ్చి ఫేస్ టు ఫేస్ చెప్దామనుకున్నా."

"బాగుందమ్మా. నెల తిరక్కుండా మీ పాము రెండు విమానాలెక్కింది. నేను నరసాపురం వెళ్లి మూడేళ్లు. ఏడు నిమిషాలుంది. ఇవ్వనా, సోమవారం దాకా ఉంచనా?"

"నాన్నని అడగండి ఆంటీ."

"సార్?"

"ఇయ్యమను తల్లీ. మెయిలు బెట్టు. ఆ కరోలిన్‌కి మాటిచ్చినా గదా."

"ష్యూరా? నా రూమ్ పైన, నాన్నా. ట్యాంక్ కూడా పైనే."

"తెలుసు. ఎనిమిది నెలల్నుంచి తెలుసు."

"మెయిలు వచ్చిందండి. ఇక్కడ సంతకం. డిక్కీలో పెట్టొద్దు, వేడెక్కుద్ది. మీ పక్క సీట్లో పెట్టి బెల్టు వెయ్యండి, ఏసీ వెయ్యండి. దార్లో ఎక్కడా ఆగొద్దు, రాహుకాలమైనా సరే."

"పక్క సీట్లోనా?"

"నడుం నొప్పికి మంచిది సార్."

"నాన్నా, ముందు నేను అమ్మకి కాల్ చేస్తా. త్రీ వీక్స్ నుంచి ఇంట్లో పామే లేదని చెప్పి టేబుల్ దిగమంటా."

"ఇప్పుడు దిగమనబాక తల్లీ. నేను బయల్దేరినా."