దంచినందుకు కాదు

ఆఫ్రికాలో, మలావీ సరస్సు ఒడ్డున, ఆసుపత్రి బల్లమీద కూర్చున్న తమందాని అనే అమ్మాయికి కడుపులో మూడో నెల.

“నర్సక్కా, కిందటిసారి మొక్కజొన్న దంచినందుకే కడుపు పోయిందంటుంది మా అత్త. ఇదీ పోతుందా?”

“దంచితే పోదే పిచ్చిదానా! కడుపొచ్చిన పదిమందిలో ఒకరిద్దరికి పోతూనే ఉంటుంది. చాలాసార్లు పిండమే సరిగ్గా కట్టదు. అవునుగానీ, ఒళ్ళిలా కాలుతోందేంటి?”

“మూడు రోజులుగా జ్వరం. మందు మింగితే బిడ్డకి చేటని దాచాను.”

“అయ్యో, మలేరియాని దాస్తేనే బిడ్డకి ముప్పు! వేలు ఇటివ్వు, రక్తపు చుక్క తీసి చూస్తాను.”

మలేరియాయే అని తేలింది. నర్సు మాత్రలిచ్చి చూస్తుండగానే తమందాని వాటిని మింగింది.

“అక్కా, ఒకవేళ ఇదీ పోతే, నా తప్పు కాదని మా అత్తకి నువ్వొచ్చి చెప్తావా?”

“పోయేదాకా ఆగడమెందుకు? పద, ఇవాళే చెప్తాను.”