కన్యాస్త్రీల నాటకంలో రాజు వేషం

కొత్తకోట చాయ హోటల్లో మద్దిలేటి మీసం మెలేసి కూర్చున్నాడు. ఎదురుగా వనపర్తి నుంచి వచ్చిన సామ్యూల్ సారు. దేవుణ్ణి వదలమంటే వదలక ప్రాణాలిచ్చిన కన్యాస్త్రీల కథను ఈస్టరు పండుగకు పాటల నాటకంగా ఆడించాలని ఆయన తిరుగుతున్నాడు. వాళ్లను చంపించే రాజు వేషానికి మనిషి దొరకలేదు. ఆ వేషం మీదే మద్దిలేటి ప్రాణమంతా.

"నన్నే అడుగుతుండ్రా సారూ? కొన్నేండ్ల కింద గద్వాలల గీ నాటకమే ఆడితే రాజును నేనే. ఏదో ఒక పద్యం పాడిన, జనం వన్స్ మోర్ అన్నరు, మళ్ల పాడిన, గంతే. గొప్పలు చెప్పుకునుడు నాకు తెల్వదు."

"అయ్యో, మాకు తెల్వదా!" అంది పొయ్యి దగ్గర బుజ్జమ్మ.

"జర విను బుజ్జమ్మక్కా. 'దేవుణ్ణి వదులుతరా, తలలు తీయమంటరా' అని రాగం ఎత్తుకున్న. సిస్టరమ్మలు 'వదలం' అన్నరు. కత్తి దూస్తే వరుసగ పడ్డరు. జనం ఊకుంటరా? వన్స్ మోర్! సచ్చినోళ్లు లేచి, ముసుగులు దులుపుకొని, మళ్ల సచ్చిండ్రు. మళ్ల వన్స్ మోర్! ఆఖరికి సిస్టరమ్మలే నా కాళ్లు పట్టుకొని, 'రాజా, సచ్చి సచ్చి నడుములు వోయినయి, జర పాట ఆపు' అన్నరు."

"ఆపినవా?"

"నేను ఆపుతనంటే రాగం ఆగాలె గద! ఆ తర్వాత ఏమైందో తెలుసా? నా గొంతుకు పెట్రోమాక్సు లైట్లు ఆరిపోయినయి, అవతల మల్దకల్ ఊర్ల ఎడ్లు పలుపులు తెంపుకున్నయి, కృష్ణమ్మ పారుడు ఆపి నిలవడి విన్నది, నీళ్లు ఆగినయి గద అని వనపర్తోళ్లు చెప్పులు గూడ తడవకుంట నడిచొచ్చి ముందల కూసున్నరు."

"మరి నాగర్‌కర్నూలోళ్లు రాలేదా?"

"వాళ్లకు వచ్చే పనేంది? ఇంట్ల పండుకోనే విన్నరు. మిద్దెలెక్కి వన్స్ మోర్ అని కేకలేస్తే మాకు గద్వాలల ఇనొచ్చింది!"

సామ్యూల్ సారు నవ్వాడు. "కోతలు పోనీ, గొంతు మాత్రం బాగున్నది. వేషం నీకే ఇద్దామా మరి?"

మూలన ఇంతసేపూ చాయ ఊదుకుంటున్న యోహాను సాసర్ కింద పెట్టాడు.

"సారూ, గద్వాలల ఆ రాజును నేను. ఆడవేషాలు గూడ మొగోళ్లమే కట్టినం. వీని మీసం గొరిగి, ముసుగేసి, సిస్టరమ్మల వరుసల ముందల నిలవెట్టినం. నా చేతిల ఉన్నది అసలు కత్తి, దొరోళ్లింట్లకెల్లి అడిగి తెచ్చినం. 'దేవుణ్ణి వదులుతవా?' అని కత్తి ఎత్తిన. వదలనని వీడు పద్యం అందుకోవాలె. కత్తి దిక్కు చూసి గజగజ వణికి, 'వదిలేస్త దొరా!' అన్నడు. ఆనాడు జనం వన్స్ మోర్ అన్నది గా ఒక్క మాటకే."

మద్దిలేటి చెయ్యి మీసం మీద నుంచి జారిపోయింది. పాపం, మొహం చూస్తే జాలేసింది కానీ బుజ్జమ్మ నవ్వు ఆగలేదు.

"మరి రాజు వేషం సంగతేంది మద్దిలేటీ?" అన్నాడు సామ్యూల్ సారు.

మద్దిలేటి తల వంచుకున్నాడు.

"వదిలేస్త సారూ."

"వన్స్ మోర్!" అని హోటలంతా అరిచింది.