పాత మాగ్నెట్

గైడు గది. తలుపు వేసి ఉంది. మందుల్లో వాడే ఒక అణువు రెండు చేతుల్లా ఎడమ, కుడి రూపాల్లో తయారవుతుంది. ఇనుము ఉత్ప్రేరకంతో ఎడమది మాత్రమే రప్పించడం మీద విద్యార్థిని నాలుగేళ్లు పనిచేసింది. వచ్చే వారం థీసిస్ ఇవ్వాలి.

"కలపడానికి ఫ్లాస్కులో కొత్త మాగ్నెట్ వేస్తే రావడం లేదు సార్."

"ఏది? ఎడమదా?"

"ఎడమా లేదు, కుడీ లేదు. వేసిన సరుకు వేసినట్టే ఉంది."

"గాలి తగిలుంటుంది. సాల్వెంట్ మార్చి చూశావా?"

"చూశాను."

"ఇనుము సీసా?"

"కొత్తది తెరిచాను. ఫ్లాస్కు కూడా కొత్తదే. పాత మాగ్నెట్ వేస్తే వచ్చింది, తీస్తే రాలేదు."

"మాగ్నెట్‌దేముందమ్మా! ఫ్లాస్కులో గిరగిరా తిరగడం తప్ప దానికేం తెలుసు?"

"అది అక్కది సార్."

"ఏ అక్క?"

"నాకంటే ముందు ఈ పని చేసిన అక్క. మధ్యలో మానేసి వెళ్లిపోయింది కదా. మాగ్నెట్ చివర ఎర్ర నెయిల్ పాలిష్‌తో గుర్తు పెట్టి ఉంది. నేను చేరిన రోజు మీరే నా చేతిలో పెట్టారు. మన లాబ్ అదృష్టం అన్నారు."

"ఆ అమ్మాయి సంగతి ఇప్పుడెందుకు?"

"ఇనుముకి ముందు అక్క చేసిందంతా పల్లాడియంతోనే, ఆ ఖరీదైన లోహంతోనే. మాగ్నెట్ నిండా గీతలు. ఆ గీతల్లో పల్లాడియం ఉండిపోయింది. పనిచేసింది అదే. ఇనుము కాదు."

"ఆ కాస్త దానికి..."

"ఆ కాస్త చాలు సార్. క్లాసులో మీరే చెప్పారు."

"టీ తాగావా?"

"అచ్చయిన మన పేపర్‌లో ఇనుమని ఉంది."

"తాగావా అని అడిగాను."

"లేదు. పేపర్ వెనక్కి తీసుకోవాలి కదా?"

"తీసుకుంటే నీ థీసిస్‌లో ఏం మిగులుతుంది? అట్టలు."

"అట్టలే."

"అంత తాపీగా అంటావేంటి? ఏడుపైనా రాదా నీకు?"

"రావడం లేదు సార్. పొద్దున్నుంచీ చూస్తున్నాను."

"చూడు, ఇదంతా నీ అనుమానమే. రుజువేముంది? ఆ మాగ్నెట్ జాగ్రత్తగా దాచు. థీసిస్ అయ్యాక తీరిగ్గా..."

"యాసిడ్‌లో వేశాను."

"దేన్ని?"

"దాన్నే. నిన్న కడిగి, మళ్లీ రియాక్షన్ పెట్టాను. ఇప్పుడు దానితోనూ రావడం లేదు."

"కడిగేశావా?"

"కడిగాను."

"ఎవరు కడగమన్నారు నిన్ను? కడగొద్దు, కడగొద్దు అని ఆ అమ్మాయికీ చిలక్కి చెప్పినట్టు చెప్పాను!"

"ఏ అమ్మాయికి సార్?"